చీకటి గదిలో లెక్కపెట్టిన మెరుపులు: పరమాణు కేంద్రకం బయటపడిన తీరు

1908 వేసవిలో ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ మాంచెస్టర్ నుంచి అమెరికాలో ఉన్న మిత్రుడు హెన్రీ బమ్‌స్టెడ్‌కు ఒక ఉత్తరం రాశాడు. చీకటి గదిలో కూర్చుని సూక్ష్మదర్శినిలోంచి మెరుపులు లెక్కపెట్టడంలో గైగర్ రాక్షసుడనీ, రాత్రి పొడుగునా లెక్కపెట్టినా అతని నిబ్బరం చెదరదనీ, తాను మాత్రం రెండు నిమిషాలు కూర్చుని తిట్టుకుంటూ లేచి వచ్చేశాననీ అందులోని సారాంశం. అప్పటికి రూథర్‌ఫర్డ్‌కు ముప్పయ్యేడేళ్ళు ఇంకా నిండలేదు. ఆ ఏడాది చివర రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం అందుకోబోతున్నాడు. బహుమానం వచ్చింది అంతకుముందు మాంట్రియాల్‌లో చేసిన పనికి. అతని పేరు చెప్పగానే నేడు అందరికీ గుర్తుకువచ్చే పని అప్పటికింకా మొదలు కాలేదు.

బడిలో భౌతికశాస్త్రం చదివిన ప్రతివారికీ ఆ పని బొమ్మగా గుర్తుంటుంది: ఎడమ పక్కన ఆల్ఫా కణాల మూలం, మధ్యలో బంగారు రేకు, చుట్టూ గుండ్రంగా తెర, అటూ ఇటూ బాణపు గుర్తులు. ఆ బొమ్మలో ఒక మనిషి లోపించాడు. తెర మీద కణం పడినప్పుడు పుట్టే అతి సన్నని మెరుపును చూసి, ఒకటి, రెండు అని లెక్కపెట్టిన మనిషి అతడు. పరమాణువు నిర్మాణం గురించి ఆ తొలి ఇరవై ఏళ్ళలో దొరికిన సాక్ష్యంలో అధికభాగం మానవ నేత్రం ఇచ్చిన సాక్ష్యమే. దాన్ని ఎంతవరకు నమ్మవచ్చునన్న ప్రశ్న ఆ చరిత్ర పొడుగునా వెంటాడింది.

పుచ్చకాయ నమూనా

కేంబ్రిడ్జిలో జె. జె. థామ్సన్ 1897లో ఎలక్ట్రాన్‌ను కనుగొన్నాడు. దానితో పరమాణువు అవిభాజ్యమన్న నమ్మకం పోయింది. ఎలక్ట్రాన్‌ది ఋణావేశం. పదార్థానికి మొత్తం మీద ఆవేశం లేదు. కనుక పరమాణువులో ఎక్కడో అంతే ధనావేశం ఉండి తీరాలి. అది ఎక్కడ ఉంది, ఏ రూపంలో ఉంది అన్నది తెలియదు. 1904లో థామ్సన్ ఒక నమూనా ప్రతిపాదించాడు. పరమాణువు అంతటా సమంగా పరుచుకున్న ధనావేశపు గోళం, ఆ గోళంలో వలయాలు వలయాలుగా తిరిగే ఎలక్ట్రాన్‌లు. ఇంగ్లీషువారు దీన్ని ఎండుద్రాక్ష గుచ్చిన తమ పుడ్డింగుతో పోల్చారు. మన పాఠ్యపుస్తకాలు పుచ్చకాయ అన్నాయి, గింజలు ఎలక్ట్రాన్‌లు, ఎర్రటి గుజ్జు ధనావేశం. రెండు పోలికలూ థామ్సన్‌కు కొంత అన్యాయమే చేశాయి. అతని ఎలక్ట్రాన్‌లు గింజల్లా కదలక మెదలక పడి ఉండవు. ఎన్ని ఎలక్ట్రాన్‌లు ఎన్ని వలయాల్లో ఉంటే ఆ అమరిక చెదరకుండా నిలుస్తుందో అతడు గణితంతో తేల్చాడు. మూలకాల ధర్మాలు ఆవర్తన పట్టికలో మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తాయో కూడా దానితోనే చెప్పాలని చూశాడు. అది పిచ్చి ఊహ కాదు, ఆనాటికి అందుబాటులో ఉన్న ఊహల్లోకెల్లా బలమైనది. అదే ఏడాది జపాన్‌లో హంతారో నాగవోకా శనిగ్రహం, దాని వలయాల పోలికతో మరో నమూనా ప్రతిపాదించాడు. అది నిలకడగా ఉండదని విమర్శ వచ్చింది. ఏ నమూనానూ ప్రయోగంతో పరీక్షించే దారి లేకపోయింది.

ఆ దారి తెలియకుండానే రూథర్‌ఫర్డ్ చేతికి వచ్చింది. యురేనియం నుంచి వెలువడే కిరణాల్లో రెండు రకాలున్నాయని గుర్తించి, 1899లో వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టింది అతడే. ఆల్ఫా కిరణాలు ధనావేశం గల బరువైన కణాలని, సెకనుకు సుమారు 20,000 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతాయని తరువాత తేల్చాడు. 1906లో మాంట్రియాల్‌లో ఉండగా, ఒక సన్నని చీలికలోంచి ఆల్ఫా కణాలను ఛాయాచిత్ర ఫలకం మీద పడనిచ్చి, చీలికలో సగానికి పలచని అభ్రకపు పొర అడ్డం పెట్టాడు. అడ్డంలేని సగం అంచులు పదునుగా పడ్డాయి, అభ్రకం ఉన్న సగం అంచులు చెదిరినట్టు పడ్డాయి. కొన్ని కణాలు రెండు డిగ్రీల దాకా దారి తప్పాయి. రెండు డిగ్రీలంటే ఏముందని అనిపించవచ్చు. అంత వేగంతో పోయే అంత బరువైన కణాన్ని అంత పలచని పొరలో ఆ మాత్రం వంచాలంటే సెంటీమీటరుకు పదికోట్ల వోల్టుల విద్యుత్ క్షేత్రం కావాలని అతడు లెక్క వేశాడు. పరమాణువుల లోపల మహా తీవ్రమైన విద్యుత్ బలాలు ఉన్నాయని అదే పత్రంలో రాశాడు. రాసి, ముందుకు సాగిపోయాడు.

నేత్రపటలమే పరికరం

1907లో రూథర్‌ఫర్డ్ మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి ఆచార్యుడిగా వచ్చాడు. ఆర్థర్ షూస్టర్ అతని కోసమే ఆ పీఠాన్ని ఖాళీ చేసి ఇచ్చాడు. పీఠంతో పాటు మంచి ప్రయోగశాలా, హాన్స్ గైగర్ అనే జర్మన్ యువకుడూ సంక్రమించారు. లేనిది రేడియం. దాన్ని వియన్నాలోని శాస్త్ర అకాడమీ అరువిచ్చింది. ఆ రోజుల్లో రేడియం ధర సామాన్యం కాదు. ఆస్ట్రియా ఏలుబడిలోని బొహీమియా గనుల్లోంచి వచ్చిన కొన్ని వందల మిల్లీగ్రాముల ఉప్పు మీద మాంచెస్టర్ పరిశోధన అంతా నడిచింది. రేడియంలోంచి ఊరే వాయువును, నేడు రేడాన్ అనేదాన్ని, పలచని గాజు గొట్టాల్లో బంధించి ప్రయోగాలకు వాడేవారు. పుట్టకురుపుల చికిత్స కోసం ఆసుపత్రులు ఆ తరువాత దశాబ్దాలపాటు వాడిన రేడాన్ గొట్టాలూ ఇలాంటివే. మూడు రోజుల ఇరవై గంటలకు ఆ వాయువులో సగం హరించిపోతుంది. అంటే సోమవారం లెక్కించిన మెరుపులను శుక్రవారం లెక్కించిన మెరుపులతో పోల్చాలంటే మధ్యలో ఎంత క్షీణించిందో లెక్కకట్టి సవరించుకోవాలి.

ఆల్ఫా కణం జింక్ సల్ఫైడ్ పూసిన తెరను తాకితే చిన్న మెరుపు పుడుతుంది. దీన్ని ప్రస్ఫురణం అంటారు. విలియం క్రూక్స్ 1903లో దీన్ని గుర్తించి ఒక ఆటవస్తువులాంటి పరికరంగా కూడా చేశాడు. అయితే ప్రతి కణానికీ ఒక మెరుపు పుడుతుందా? పుట్టిన ప్రతి మెరుపునూ కన్ను పట్టుకుంటుందా? గైగర్, రూథర్‌ఫర్డ్ కలిసి 1908లో ఆల్ఫా కణాలను ఒక్కొక్కటిగా లెక్కించగల విద్యుత్ పరికరాన్ని తయారుచేశారు. అది మొండిది, నిదానమైనది, కానీ కంటి మీద ఆధారపడేది కాదు. రెండు పద్ధతులతోనూ లెక్కించి చూస్తే, మంచి తెర వాడినప్పుడు, సంఖ్యలు సరిపోయాయి. ఈ సరిపోలిక లేకపోతే తరువాతి కథంతా లేదు. రక్తపరీక్షకు కొత్త యంత్రం వచ్చినప్పుడు పాత పద్ధతితో పక్కపక్కన నడిపించి చూసే జాగ్రత్త వంటిదే ఇది. పాఠ్యపుస్తకాలు దీన్ని ప్రస్తావించవు.

ఇక కన్ను సంగతి. వెలుతురులోంచి చీకటిలోకి వచ్చినవాడికి మొదట ఏమీ కనబడదు. నేత్రపటలంలోని శంకు కణాలు కొద్ది నిమిషాల్లో సర్దుకుంటాయి, కానీ మసక వెలుగును పట్టేవి దండ కణాలు. వాటిలోని రొడాప్సిన్ అనే వర్ణకం వెలుతురులో విచ్ఛిన్నమై, చీకటిలో మెల్లగా మళ్ళీ కూడుకుంటుంది. అందుకు అరగంట దాకా పడుతుంది. అరగంట తరువాత కంటి సున్నితత్వం వేల రెట్లు పెరుగుతుంది. దండ కణాలు చూపుకు సరిగ్గా నడిమధ్యన ఉండవు కనుక మెరుపును సూటిగా కాక కాస్త పక్కకు చూస్తేనే బాగా కనిపిస్తుంది. ఇన్ని వివరాలు తెలిసినా తెలియకపోయినా గైగర్ బృందం అనుభవంతో ఇదే పద్ధతికి వచ్చింది. ముందు చీకట్లో కూర్చోవడం, తరువాత కాసేపు లెక్కించడం, కన్ను అలిసేలోగా ఆపడం. మెరుపులు మరీ వడిగా వస్తే లెక్క తప్పుతుంది, మరీ అరుదుగా వస్తే మనసు చెదిరి, లేని మెరుపు కనిపిస్తుంది. కొన్ని కాంతికణాలు చాలు, చీకటికి అలవాటుపడిన కన్ను వాటిని గ్రహిస్తుందని 1942లో హెక్ట్, ష్లేర్, పిరెన్ న్యూయార్క్‌లో కొలిచి చూపారు. దండ కణాలు పీల్చుకున్నవి అయిదు నుంచి పధ్నాలుగు కాంతికణాలైతే మెరుపు తెలుస్తుందని వారి లెక్క. మాంచెస్టర్ వారు వాడినది, ఆ రోజుల్లో ఎవరూ తయారుచేయలేనంత సున్నితమైన పరికరాన్ని.

ఎనిమిదివేలలో ఒకటి

గైగర్ మొదట చిన్న విచలనాలను కొలిచాడు. పొడవాటి గాజు గొట్టంలోంచి గాలి తీసేసి, ఒక చివర ఆల్ఫా మూలం, రెండో చివర తెర, మధ్యలో లోహపు రేకు. బంగారాన్ని ఎంచుకోవడానికి కారణం మన కంసాలులందరికీ తెలిసిందే, దాన్ని సాగగొట్టినట్టు మరే లోహాన్నీ సాగగొట్టలేము. అతడు వాడిన రేకులు సెంటీమీటరులో లక్షకు నాలుగు వంతుల మందం, అయినా వెయ్యికి పైగా పరమాణు పొరలు అందులో ఉంటాయి. అంత రేకులోంచి దూసుకువచ్చిన కణాల్లో ఎక్కువవాటి విచలనం ఒక డిగ్రీకి కొంచెం అటూ ఇటూగా ఉంది. థామ్సన్ నమూనాకు ఇది ఇబ్బంది కాదు. పరుచుకున్న ధనావేశం, అందులోని తేలికైన ఎలక్ట్రాన్‌లు కణాన్ని ఎక్కడికక్కడ కొద్దికొద్దిగా నెడతాయి. ఆ చిన్న నెట్టుళ్ళు కొన్ని కలిసి ఒక డిగ్రీ అవుతాయి.

కొలతల్లో ఒక చికాకు మాత్రం తొలగలేదు. గొట్టం గోడలను తాకిన కణాలు ఎక్కడెక్కడికో చెదిరిపోయి లెక్కను పాడుచేస్తున్నాయి. సరిగ్గా అప్పుడే ఎర్నెస్ట్ మార్స్‌డెన్ అనే ఇరవై ఏళ్ళ విద్యార్థికి ఏదైనా చిన్న పరిశోధన ఇవ్వాలన్న ప్రస్తావన వచ్చింది. లోహపు ఉపరితలం నుంచి ఆల్ఫా కణాలు నేరుగా వెనక్కి వస్తాయేమో చూడమన్నాడు రూథర్‌ఫర్డ్. ఏదో కనిపిస్తుందన్న ఆశ అతనికి లేదు. పట్టా కూడా చేతికి రాని కుర్రవాడికి అభ్యాసం కోసం ఇచ్చే పని అది.

ఏర్పాటు సరళమైనది. ఆల్ఫా మూలానికీ తెరకూ మధ్య సీసపు దిమ్మ అడ్డం పెట్టారు, సూటిగా ఒక్క కణం కూడా తెరను చేరడానికి వీల్లేదు. మూలానికి ఎదురుగా లోహపు పలక నిలబెట్టారు. దాన్ని తాకి వెనక్కి తిరిగిన కణం ఉంటేనే తెర మీద మెరుపు. మెరుపులు కనిపించాయి. సీసం, బంగారం, ప్లాటినం, తగరం, వెండి, రాగి, ఇనుము, అల్యూమినియం అన్నీ మార్చి మార్చి చూశారు. లోహం పరమాణుభారం ఎక్కువైన కొద్దీ మెరుపులు ఎక్కువయ్యాయి. బంగారు రేకులను ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే, కొంతవరకు, మెరుపులు పెరిగాయి. అంటే ఇది పైపూత నుంచి వచ్చే ప్రతిబింబం వంటిది కాదు, కణాలు లోపలికి పోయి అక్కడి నుంచి మళ్ళి వస్తున్నాయి. ప్లాటినం పలక మీద పడే ప్రతి ఎనిమిదివేల కణాల్లో సుమారు ఒకటి వెనక్కి తిరుగుతోంది. 1909 మేలో ఈ సంగతి రాయల్ సొసైటీకి చేరింది.

కాగితపు పొర మీదికి ఫిరంగి గుండు పేలిస్తే అది తిరిగివచ్చి పేల్చినవాడికే తగిలినంత ఆశ్చర్యం కలిగిందని రూథర్‌ఫర్డ్ అన్న మాట నేటికీ ప్రతి పుస్తకంలో కనిపిస్తుంది. ఆ మాట అతడు జీవితం చివరి సంవత్సరాల్లో ఒక ఉపన్యాసంలో అన్నది. 1909 నాటి పత్రంలో అలాంటి ఉద్వేగమేదీ లేదు. బీటా కిరణాలు లోహాల నుంచి చెదిరి వెనక్కి రావడం అప్పటికే తెలిసిన విషయం కనుక, గైగర్, మార్స్‌డెన్ తమ పత్రానికి ఆల్ఫా కణాల విసరణ పరావర్తనం అన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టి ఊరుకున్నారు.

ఇరవై నెలలకు పైగా మౌనం

ఆ మేకూ తరువాతి మెట్టుకూ మధ్య దాదాపు రెండేళ్ళు గడిచాయి. ఈ ఖాళీయే కథలోని అసలు భాగమని చెప్పాలి. సంఖ్య చేతిలో ఉంది, అర్థం చేతిలో లేదు. చిన్న విచలనాలు వేలకొద్దీ కలిసి పెద్ద విచలనమైందేమో అన్నది మొదట తట్టే సమాధానం. వైద్యుడికైనా ఇదే ఆలోచన వస్తుంది. పదివేల మందిలో ఒకరికి వచ్చే వైపరీత్యం మామూలు కారణాలు అరుదుగా ఒకచోట కూడటం వల్ల వచ్చిందా, లేక ఇంతవరకు ఎరుగని ఒకే ఒక కారణం వల్లనా? తేల్చడానికి సంభావ్యతా గణితం కావాలి. నోబెల్ బహుమానం అందుకున్న ఆచార్యుడు మాంచెస్టర్‌లోనే గణితశాస్త్రజ్ఞుడు హొరేస్ లాంబ్ తరగతిలో విద్యార్థుల మధ్య కూర్చుని సంభావ్యత పాఠాలు విన్నాడు.

లెక్క కఠినంగానే చెప్పింది. ఎటు పడితే అటు పడే చిన్న అడుగులు చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. సగటు విచలనం ఒక డిగ్రీ ఉన్న రేకులో, అలాంటి అడుగులు కూడి తొంభై డిగ్రీలు దాటే అవకాశం ఎంతంటే, ఒకటి వేసి మూడువేలకు పైగా సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో ఒక వంతు. మార్స్‌డెన్ చూసినది ఇరవైవేలలో ఒకటి. ఈ రెండింటినీ సర్దిచెప్పే ఉపాయమేదీ లేదు. పెద్ద విచలనం ఒకే ఒక్క తాకిడిలో జరిగి ఉండాలి. ఒకే తాకిడిలో అంత వంపు రావాలంటే అంత ఆవేశమూ ఒక్కచోట, అతి చిన్న చోట పోగుపడి ఉండాలి.

ఇంకో అడ్డంకి కూడా దాటవలసి వచ్చింది. ఆల్ఫా కణం హీలియం పరమాణువేనని 1908 చివర్లో రూథర్‌ఫర్డ్, రాయిడ్స్ నిరూపించారు. గాజు ఊదడంలో ఆరితేరిన ఓటో బౌంబాక్ అనే పనివాడు, ఆల్ఫా కణాలు దూసుకుపోగలిగినంత పలచని గాజు గొట్టం ఊది ఇవ్వకపోతే అది సాధ్యమయ్యేది కాదు. అయితే ఆల్ఫా కణం పరమాణువే అయితే దానికీ పరమాణువంత పరిమాణం ఉండాలి కదా. అంత పెద్ద వస్తువు మరో పెద్ద వస్తువులోంచి దూరి పోవడమెలా? ఆల్ఫా కణాన్ని కూడా ఒక బిందువుగా భావించడానికి సిద్ధపడితే తప్ప గణితం సాగదు. తన చేతుల మీదుగా వచ్చిన కణం గురించి తన అభిప్రాయాన్నే మార్చుకోవడానికి రూథర్‌ఫర్డ్‌కు సమయం పట్టింది.

1910 డిసెంబరులో అతడు అమెరికాలోని మరో మిత్రుడు బోల్ట్‌వుడ్‌కు రాసిన ఉత్తరంలో, థామ్సన్‌ది కంటే చాలా మేలైన పరమాణువును కల్పించగలనని రాశాడు. ఒకరోజు ఉత్సాహంగా గైగర్ గదిలోకి వచ్చి, పరమాణువు ఎలా ఉంటుందో తనకిప్పుడు తెలిసిందని చెప్పాడనీ, ఆ రోజే తాను పరీక్ష మొదలుపెట్టాననీ గైగర్ తరువాత గుర్తుచేసుకున్నాడు. 1911 మార్చి 7న మాంచెస్టర్ సాహిత్య తాత్త్విక సంఘంలో రూథర్‌ఫర్డ్ ఈ సంగతి మొదటిసారి బయటపెట్టాడు. ఆ సాయంత్రం సభలో అతనికంటే ముందు ఒక పండ్ల వ్యాపారి, జమైకా నుంచి వచ్చిన అరటిగెలల్లో దొరికిన అరుదైన పామును చూపించాడని చెబుతారు. పూర్తి పత్రం మే నెల ఫిలసాఫికల్ మ్యాగజీన్‌లో వచ్చింది.

ఆ పత్రం చదివేవారికి కొన్ని సంగతులు వింత గొలుపుతాయి. కేంద్రకం అన్న మాట అందులో లేదు, కేంద్ర ఆవేశం అని మాత్రమే ఉంది. ఆ ఆవేశం ధనమా ఋణమా అన్నది కూడా తేల్చలేదు. ధనమైతే ఆల్ఫా కణాన్ని తోసేస్తుంది, ఋణమైతే సూర్యుడి చుట్టూ తిరిగి వెళ్ళే తోకచుక్కలా కణం దాన్ని చుట్టి మళ్ళుతుంది. రెండు విధాలా దారి అతిపరావలయమే, చెదిరే కణాల సంఖ్యా ఒకటే. తనకు తెలిసినంత మేరకే చెప్పిన ఈ నిగ్రహం మెచ్చదగినది. ఎదురుగా వచ్చి సూటిగా తాకబోయే ఆల్ఫా కణం కేంద్రానికి ఎంత దగ్గర దాకా పోయి ఆగి వెనుదిరుగుతుందో అతడు లెక్కకట్టాడు. కేంద్ర ఆవేశం ఎలక్ట్రాన్ ఆవేశానికి వంద రెట్లు అనుకుంటే ఆ దూరం సెంటీమీటరులో లక్ష కోట్లవ వంతుకు సుమారు మూడున్నర రెట్లు. పరమాణువు అడ్డుకొలత సెంటీమీటరులో పదికోట్లవ వంతు స్థాయిది. అంటే పరమాణువును ఒక పెద్ద క్రికెట్ మైదానమంత చేస్తే, ఆ బరువంతా మోసే కేంద్రం నడిమధ్యన ఉంచిన ఒక ఉసిరికాయ కంటే పెద్దది కాదు. నిజానికి బంగారు కేంద్రకం వ్యాసార్ధం ఆ సమీపతమ దూరంలో నాలుగో వంతు మాత్రమే అని తరువాత తెలిసింది. ఆల్ఫా కణాలు దాన్ని తాకనేలేదు, దాని విద్యుత్ బలానికి లోబడి దూరం నుంచే మళ్ళాయి. లెక్క అంత శుభ్రంగా రావడానికి అదే కారణం.

అదృష్టం మరో రూపంలో కూడా తోడైంది. రూథర్‌ఫర్డ్ వాడినది న్యూటన్ నాటి యంత్రశాస్త్రం. పరమాణువు లోపల అది చెల్లదని పదిహేనేళ్ళ తరువాత తేలింది. అయినా విలోమ వర్గ బలానికి మాత్రం, క్వాంటం యంత్రశాస్త్రంతో లెక్కకట్టినా చెదిరే కణాల సంఖ్య సరిగ్గా అదే వస్తుంది. బలం మరోలా ఉండి ఉంటే అంత తేలికగా దొరికేది కాదు.

లక్ష మెరుపులు

నమూనా వేరు, రుజువు వేరు. రూథర్‌ఫర్డ్ సూత్రం నాలుగు పందేలు కాసింది. చెదిరే కణాల సంఖ్య రేకు మందానికి అనులోమంగా ఉండాలి, కేంద్ర ఆవేశపు వర్గానికి అనులోమంగా ఉండాలి, కణం వేగపు నాలుగో ఘాతానికి విలోమంగా ఉండాలి, కోణంలో సగానికి గల సైన్ విలువ నాలుగో ఘాతానికి విలోమంగా ఉండాలి. ఈ చివరిది అన్నింటికంటే కఠినమైన పరీక్ష. కోణం 60 డిగ్రీల నుంచి 120 డిగ్రీలకు పెరిగితే కణాలు తొమ్మిదో వంతుకు పడిపోవాలి. 15 నుంచి 30కి పెరిగితే దాదాపు పదిహేనో వంతుకు. అంతకంటే ఎక్కువైనా తక్కువైనా సూత్రం తప్పు.

గైగర్, మార్స్‌డెన్ మళ్ళీ చీకటి గదిలోకి వెళ్ళారు. గాలి తీసిన లోహపు పెట్టె, మధ్యలో కదలని రేకు, ఆల్ఫా మూలం. పెట్టెతో పాటు తెర, సూక్ష్మదర్శిని రేకు చుట్టూ తిరిగే ఏర్పాటు. 1913లో అచ్చయిన వారి పత్రంలోని బంగారం పట్టిక నేటికీ చదవదగ్గది. మూలం క్షీణతను సవరించి అన్నింటినీ ఒకే ప్రమాణానికి తెచ్చాక, 150 డిగ్రీల దగ్గర 33 మెరుపులు, 60 డిగ్రీల దగ్గర 477, 15 డిగ్రీల దగ్గర 1,32,000. నాలుగువేల రెట్ల తేడా. ఆ సంఖ్యలను సూత్రం చెప్పిన సైన్ నాలుగో ఘాతంతో గుణిస్తే వచ్చే లబ్ధం మాత్రం 28కీ 40కీ మధ్యనే తిరుగుతుంది. అది ఒకే సంఖ్య కాదు, చిన్న కోణాల వైపు కాస్త పెరుగుతుంది కూడా. ఆ పెరుగుదలను వారు దాచలేదు. ఇంత విస్తారమైన తేడాను ఇంత ఇరుకైన పరిధిలోకి తెచ్చిన సూత్రాన్ని కాదనడం కష్టం. ఈ ప్రయోగాలన్నింటిలో కలిపి లెక్కించిన మెరుపులు లక్షకు పైమాటే. కేంద్ర ఆవేశం పరమాణుభారంలో సుమారు సగమని కూడా దీనితో తేలింది.

ఇంత జరిగినా ప్రపంచం పట్టించుకోలేదు. 1911 చివర బ్రస్సెల్స్‌లో జరిగిన తొలి సాల్వే సమావేశంలో రూథర్‌ఫర్డ్ స్వయంగా ఉన్నాడు, కేంద్రకం మీద చర్చే జరగలేదు. కారణం లేకపోలేదు. కేంద్రం చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్ కాంతిని వెదజల్లుతూ శక్తి కోల్పోయి క్షణంలో కేంద్రంలో పడిపోవాలని విద్యుదయస్కాంత సిద్ధాంతం చెబుతుంది. థామ్సన్ పరమాణువు కనీసం నిలబడుతుంది, రూథర్‌ఫర్డ్ పరమాణువు నిలబడదు. 1912 వసంతంలో మాంచెస్టర్ వచ్చిన నీల్స్ బోర్ మరుసటి ఏడాది ఈ చిక్కు విప్పాడు. అది వేరే కథ. అదే విశ్వవిద్యాలయంలో పరిశోధన మొదలుపెట్టిన హెన్రీ మోస్లీ, ఎక్స్ కిరణాల వర్ణపటాలతో ఒక్కొక్క మూలకపు కేంద్రక ఆవేశాన్ని పూర్ణాంకంగా తేల్చాడు. 1915 ఆగస్టులో గలిపోలి యుద్ధంలో అతడు మరణించాడు, అప్పటికి ఇరవై ఏడేళ్ళు. గైగర్ జర్మన్ సైన్యంలో, మార్స్‌డెన్ బ్రిటిష్ సైన్యంలో చేరి ఒకే రణరంగానికి అటూ ఇటూ నిలిచారు. గైగర్ దగ్గర పని నేర్చుకోవడానికి బెర్లిన్ వెళ్ళిన జేమ్స్ చాడ్విక్ యుద్ధకాలమంతా అక్కడి నిర్బంధ శిబిరంలో గడిపాడు.

వియన్నా అరువిచ్చిన రేడియం శత్రుదేశపు ఆస్తి అయిపోయింది. బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుంది. యుద్ధానంతరం ఆస్ట్రియాలో ద్రవ్యోల్బణం పేట్రేగి వియన్నా రేడియం సంస్థ మూతపడే స్థితికి వచ్చినప్పుడు, ఆ రేడియానికి ధర కట్టి చెల్లించి తీరాలని రూథర్‌ఫర్డ్ పట్టుపట్టాడు. 1921లో ఆ సొమ్ము వియన్నాకు చేరింది.

కన్ను మోసపోయిన చోటు

చాడ్విక్ 1920లో పరిక్షేపణ ప్రయోగాన్ని ఇంకా నేర్పుగా చేసి, రాగి, వెండి, ప్లాటినం కేంద్రకాల ఆవేశాలను నేరుగా కొలిచాడు: 29.3, 46.3, 77.4. పట్టికలో వాటి క్రమసంఖ్యలు 29, 47, 78. కంటితో లెక్కించిన మెరుపులు పరమాణు సంఖ్యను ఇంత దగ్గరగా ఇవ్వడం ఆ పద్ధతి అందుకున్న శిఖరం. మరుసటి ఏడాది చాడ్విక్, బీలర్ హైడ్రోజన్‌లో ఆల్ఫా కణాల పరిక్షేపణాన్ని పరిశీలించి, అతి సమీపంలో రూథర్‌ఫర్డ్ సూత్రం విఫలమవుతోందనీ, విద్యుత్ బలం కాని మరో మహాబలం అక్కడ పనిచేస్తోందనీ రాశారు. కేంద్రకాన్ని పట్టి ఉంచే బలం తొలిసారి తొంగిచూసినది అక్కడ.

అదే దశకంలో అదే పద్ధతి తలవంపులు కూడా తెచ్చింది. రూథర్‌ఫర్డ్ సొమ్ముతో తేరుకున్న వియన్నా సంస్థలోనే హాన్స్ పెటర్సన్, గెర్హార్డ్ కిర్ష్ అనేవారు ఆల్ఫా కణాలతో తేలికైన కేంద్రకాలను బద్దలుకొట్టే ప్రయోగాలు చేసి, కేంబ్రిడ్జి వారికి ఏమీ కనబడని మూలకాల్లో సైతం విచ్ఛిత్తి జరుగుతోందని ప్రకటించారు. ఏళ్ళ తరబడి పత్రాల మీద పత్రాలు, ఎదురు పత్రాలు. చివరికి 1927 డిసెంబరులో చాడ్విక్ వియన్నా వెళ్ళాడు. అక్కడ మెరుపులు లెక్కించేది స్త్రీలు. ఏ రేకు పెట్టారో, ఎన్ని మెరుపులు రావాలో వారికి ముందే తెలుస్తోంది. చాడ్విక్ వారికేమీ చెప్పకుండా, తన ఇష్టం వచ్చిన క్రమంలో రేకులు మార్చి లెక్కించమన్నాడు. ఈసారి వచ్చిన అంకెలు కేంబ్రిడ్జి అంకెలే.

ఆ స్త్రీలు అబద్ధమాడలేదు. చూపు అంచున ఉన్న మెరుపు కనబడిందా లేదా అన్నది కన్ను ఒక్కటే తేల్చదు, ఎదురుచూపు కూడా తేలుస్తుంది. మందుల పరీక్షల్లో రోగికీ వైద్యుడికీ కూడా ఏ మాత్ర ఇస్తున్నారో తెలియకుండా దాచే పద్ధతి ఆనవాయితీ కావడానికి ఇంకా ఇరవై ఏళ్ళు పట్టింది. చాడ్విక్ చేసినది సరిగ్గా అదే. పరువు పోకూడదని ఆ విషయాన్ని రెండు పక్షాలూ బహిరంగం చేయలేదు. అది మర్యాదే కావచ్చు, కానీ పద్ధతిలోని లోపం గురించి అందరూ నేర్చుకోవలసిన పాఠం దానితో పాటు మరుగున పడింది.

కంటి లెక్కకు కాలం చెల్లింది. మరుసటి ఏడాదే, 1928లో, గైగర్ తన శిష్యుడు వాల్తేర్ ముల్లర్‌తో కలిసి కొత్త విద్యుత్ గణన గొట్టాన్ని తయారుచేశాడు. చీకట్లో రాత్రులు గడిపినవాడే ఆ పని యంత్రానికి అప్పగించాడు. ఆ గొట్టం టకటకలు ఆసుపత్రుల రేడియేషన్ విభాగాల్లో పనిచేసినవారికి సుపరిచితమే.

చాడ్విక్ 1932లో న్యూట్రాన్‌ను కనుగొని, తరువాత లివర్‌పూల్ చేరాడు. అక్కడ అతని ప్రయోగశాలలో బీటా కిరణాల మీద పనిచేసినవారిలో ఒక తెలుగు సన్యాసి కూడా ఉన్నాడు. భీమవరం ప్రాంతంలో పుట్టి, సన్యసించి, యూరప్ వెళ్ళి భౌతికశాస్త్రం అభ్యసించిన స్వామి జ్ఞానానంద తరువాత స్వదేశం వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కేంద్రక భౌతికశాస్త్ర విభాగాన్ని నెలకొల్పాడు. విశాఖలోని ఆ ప్రయోగశాలలకు ఆయన పేరే ఉంది. మాంచెస్టర్ చీకటి గది నుంచి విశాఖ దాకా గురుశిష్య పరంపర ఇలా ఒక్క మెట్టులో కలుస్తుంది.

పద్ధతి మాత్రం అంతం కాలేదు. విసిరే కణం మారింది, వేగం పెరిగింది. 1950లలో స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ హాఫ్‌స్టాటర్ ఎలక్ట్రాన్‌లను కేంద్రకాల మీదికి విసిరి, ప్రోటాన్ బిందువు కాదని, దానికీ పరిమాణం ఉందని కొలిచాడు. 1967 తరువాత అదే స్టాన్‌ఫర్డ్‌లో, మూడు కిలోమీటర్ల పొడవున్న కొత్త త్వరణ యంత్రంతో ఫ్రీడ్‌మన్, కెండాల్, టేలర్ బృందం ఇంకా వేగవంతమైన ఎలక్ట్రాన్‌లను ప్రోటాన్‌ల మీదికి విసిరింది. ప్రోటాన్ లోపల ఆవేశం మెత్తగా పరుచుకుని ఉంటే పెద్ద కోణాల్లో చెదిరేవి బహు స్వల్పంగా ఉండాలి. అనుకున్న దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చాయి. ప్రోటాన్ లోపల బిందువుల్లాంటి గట్టి గింజలున్నాయి, వాటినే క్వార్కులంటున్నాము. పుచ్చకాయ మళ్ళీ ఓడిపోయింది, ఈసారి లక్ష రెట్లు చిన్న చోట.

గైగర్ 1945లో, యుద్ధంలో శిథిలమైన జర్మనీలో మరణించాడు. మార్స్‌డెన్ న్యూజిలాండ్‌లో స్థిరపడి, ఆ దేశపు వైజ్ఞానిక పరిశోధనా వ్యవస్థకు చాలాకాలం సారథ్యం వహించాడు. కేంద్రకం బయటపడి యాభై ఏళ్ళయిన సందర్భంగా 1961లో మాంచెస్టర్‌లో జరిగిన సభకు వచ్చి, పాత మిత్రులు బోర్, చాడ్విక్‌ల మధ్య కూర్చున్నాడు. స్టాన్‌ఫర్డ్ ఫలితాలు వెలువడే నాటికి కూడా అతడు జీవించే ఉన్నాడు. 1970 డిసెంబరులో కన్నుమూశాడు.